పత్తికి ఐదు, మిరపకు నాలుగు

తెర మీద ‘పత్తి’ అన్న మాటలో కంటికి కనిపించే అక్షరాలు రెండే. పైథాన్‌లో ‘లెన్’ అనే ఆదేశంతో దాని పొడవు అడిగితే ఐదు అంటుంది. ‘మిరప’లో మూడు అక్షరాలు కనిపిస్తాయి, దానికి నాలుగంటుంది. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇచ్చే తొలి అభ్యాసాల్లో అక్షరమార్పిడి ఒకటి. ప్రతి అక్షరం బదులు ఇంకో అక్షరం పెట్టి మాటను దాచాలి, తిరిగి ఆ మాటను రాబట్టాలి. ఇంగ్లిషులో అయితే ఇరవై ఆరు అక్షరాలు, పది పదిహేను వరుసల ప్రోగ్రాం, అంతటితో సరి. అదే అభ్యాసాన్ని గుంటూరు, ఒంగోలు, చీరాల లాంటి మాటలతో చేసి చూస్తే గానీ తెలుగు లిపిలో ఎంత పనితనం ఉందో తెలియదు.

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు కేటాయించారు. ‘ఆర్డ్’ అన్న ఆదేశం అక్షరాన్ని అంకెగా మారుస్తుంది, ‘సీహెచ్ఆర్’ అంకెను అక్షరంగా మారుస్తుంది. క 3093, ప 3114, హ 3129. గుడికి, కొమ్ముకు, సున్నకు, పొల్లుకు కూడా వేర్వేరు అంకెలున్నాయి. ‘పత్తి’ అంటే 3114, 3108, 3149, 3108, 3135: ప, త, పొల్లు, మళ్లీ త, గుడి. పొల్లు తర్వాత వచ్చిన ‘త’ను కిందికి ఒత్తుగా దించి గీయడం ఫాంటు పని. కంప్యూటర్‌లో నిల్వ ఉన్న సమాచారంలో ఒత్తు అనేది ఎక్కడా లేదు.

ఇక తోచిన మొదటి పద్ధతి, జూలియస్ సీజర్ వాడాడని చెప్పేది: ప్రతి అంకెకూ మూడు కలపడం. ‘మిరప’కు కలిపితే ‘ఱూళభ’ వస్తుంది. బాగానే ఉందనిపిస్తుంది. ‘పత్తి’కి కలిపితే పొల్లు 3152కి వెళ్లిపడుతుంది. ఆ గడిలో ఏ అక్షరమూ లేదు, తెర మీద ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ‘గుంటూరు’ మరీ అన్యాయం. సున్న 3074 నుంచి 3077కి జరిగి ‘అ’ అయి కూర్చుంటుంది, టూలోని దీర్ఘపు కొమ్ము 3141 అనే ఇంకో ఖాళీ గడిలో పడుతుంది.

ఈ ఖాళీలు అజాగ్రత్త వల్ల మిగిలినవి కావు. 1980ల్లో మన దేశంలో తయారైన ఇస్కీ అనే సంకేత ప్రమాణం బ్రాహ్మి నుంచి వచ్చిన భారతీయ లిపులకు ఒకే ఉమ్మడి నమూనా వేసింది. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ అమరికనే తీసుకుంది. ఏ ధ్వని ఏ లిపిలో ఉన్నా తన పట్టికలో అదే వరుస స్థానంలో కూర్చోవాలన్నది నియమం. న 3112, ప 3114, మధ్యలో 3113 ఖాళీ. తమిళ పట్టిక సరిగ్గా 128 గళ్లు వెనక ఉంది. 3113లోంచి 128 తీసేస్తే తమిళంలోని రెండో న తగులుతుంది. మనకు లేని ఆ అక్షరం కోసం చోటు అట్టే ఉంచారు. 3124 కూడా చాలాకాలం ఖాళీగానే ఉండి, 2014లో మన పాత శాసనాల్లో కనిపించే ఴకు దక్కింది. ఈ అమరికలోని చమత్కారం చూడాలంటే ‘గుంటూరు’లోని ప్రతి అంకెకూ మూడు బదులు 128 కలపండి. కన్నడ లిపిలో గుంటూరు అని వస్తుంది, ఒక్క గుర్తు తేడా లేకుండా. 768 తీసేస్తే దేవనాగరిలో. సంకేతలిపి రాయబోయి లిప్యంతరీకరణ యంత్రం చేసినట్టయింది.

మన పనికి మాత్రం సొంత జాబితా కావాలి. క నుంచి మ దాకా ఇరవై ఐదు, తర్వాత య ర ల వ శ ష స హ ళ ఱ, మొత్తం ముప్పై ఐదు హల్లులు, సున్నా నుంచి 34 దాకా స్థానాలు. హల్లు కనిపిస్తే జాబితాలో దాని స్థానం వెతికి, మూడు కలిపి, అక్కడున్న హల్లు పెట్టాలి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ఉన్నచోటే ఉంటాయి. చివరికొచ్చాక మొదటికి తిరగాలి, గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వచ్చినట్టు. దానికి కూడికను 35తో భాగించి శేషం తీసుకుంటే చాలు: హ 32, మూడు కలిపితే 35, శేషం సున్నా, అంటే క. ఈ శేషం తీయడం మరిచినవాళ్లకు హ దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది. విప్పేటప్పుడు మరిచినా ఆగదు! మూడు తీసేయగా వచ్చిన రుణ సంఖ్యను పైథాన్ జాబితా చివరి నుంచి లెక్కపెడుతుంది, మైనస్ మూడు అంటే హ. తప్పుకు శిక్ష పడదు, సరైన జవాబే వస్తుంది. అదే ప్రోగ్రాంను సీ భాషలో రాస్తే అక్కడ ఈ దయ ఉండదు.

ఇప్పుడు ‘గుంటూరు’ ‘చుంఢూశు’ అవుతుంది, ‘పత్తి’ ‘భధ్ధి’. ఖాళీ డబ్బాలు లేవు, నోటితో పలకొచ్చు కూడా. కానీ తెలుగు చదివే ఎవరికైనా ఇది కల్పించిన మాటని తెలిసిపోతుంది. ధకు ధ ఒత్తు మనం రాయం. బుద్ధి, శ్రద్ధ ఏది చూసినా దకే ధ ఒత్తు.

మూడు బదులు ఐదు జరిపి చూడండి. గుంటూరు ‘జుంతూసు’, పత్తి ‘యప్పి’, చీరాల ‘టీసాహ’. ఇవి ఎక్కడో ఊళ్ల పేర్లలా వినిపిస్తాయి. కారణం వర్ణమాల కూర్పులోనే ఉంది. క చ ట త ప వర్గాలు నోటి లోపలి నుంచి పెదవుల దాకా వరుసగా వస్తాయి. ఒక్కో వర్గంలో ఐదేసి: మామూలుది, ఒత్తి పలికేది, నాదమున్నది, నాదంతో ఒత్తి పలికేది, ముక్కుతో పలికేది. ఐదు జరిపితే వర్గం మారుతుంది గానీ స్వభావం మారదు. గ జ అవుతుంది, ట త అవుతుంది, న మ అవుతుంది. ప వర్గం దాటి య ర ల వలలోకి వెళ్లాక ఈ క్రమం తప్పుతుంది నిజమే, అయినా పలుకుబడి చెడదు. ఇంగ్లిషు అక్షరమాలను ఎంత జరిపినా ఈ సుఖం దొరకదు, అక్కడ ఏ పక్కన ఏముందన్నదానికి ఉచ్చారణతో సంబంధం లేదు.

జాబితా, శేషం గొడవ లేకుండా ‘రీప్లేస్’ అనే ఆదేశంతో ఒక్కో అక్షరాన్నీ వరసగా మార్చేద్దామని కొత్తవాళ్లలో చాలామందికి అనిపిస్తుంది. మాటలోని ‘క’లన్నీ చ చేయి, తర్వాత ‘ఖ’లన్నీ ఛ చేయి, ఇలా ఱ దాకా. అప్పుడు ‘పత్తి’ ఏమవుతుందో తెలుసా? ‘కక్కి’. మొదట చ అయిన క, ‘చ’ల వంతు వచ్చేసరికి ట అవుతుంది, తర్వాత త, ప, య, ష, చివరికి ష వంతులో మళ్లీ క. చ, ట, త, ప, య, షలకూ అదే గతి. ముప్పై ఐదు హల్లులూ క ఖ గ ఘ ఙలుగా కుదించుకుపోతాయి, మిరప ‘ఙిఖక’ అవుతుంది. ఇక దాన్ని విప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే మార్పులన్నీ ఒకేసారి జరగాలి: ఏ హల్లుకు ఏ హల్లు అన్నది ముందే పట్టికగా కట్టి, మూలంలోని ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే చూసి మార్చాలి. పైథాన్‌లో ‘మేక్‌ట్రాన్స్’ ఆ పట్టిక కడుతుంది, ‘ట్రాన్స్‌లేట్’ మారుస్తుంది. కామసూత్రానికి యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో మూలదేవీయం అనే సంకేతలిపి ఉంది. అందులో ఖకు గ, గకు ఖ, తకు ప, పకు త అన్నట్టు జతలు కట్టారు. దాచడానికీ విప్పడానికీ ఒకే పట్టిక! కంప్యూటర్ లేని రోజుల్లో, నోటికి పట్టాల్సిన విద్యకు అంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదు.

ఇప్పటిదాకా అచ్చులను ముట్టుకోలేదు. గుంటూరు ఎంత మారినా దాని కొమ్ములు అలాగే ఉన్నాయి. అచ్చులనూ జరపబోతే అసలు చిక్కు ఎదురవుతుంది. గుడికి, కొమ్ముకు అంకెలున్నాయి. ‘ప’లో దాగి ఉన్న అకారానికి అంకె లేదు. లేనిదాన్ని ఎలా మార్చడం?

ఈ చిక్కుకు జవాబు భట్టిప్రోలులో ఉంది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో, పాత గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా ఊరది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు ధాతువుల పేటికలు బయటపడ్డాయి. వాటి మీది ప్రాకృత శాసనాలను జర్మన్ పండితుడు బ్యూలర్ చదివాడు. మామూలు బ్రాహ్మిలో గుర్తేమీ లేని హల్లుకు అకారం కలిపి చదవాలి. భట్టిప్రోలు లేఖకుడు అలా రాయలేదు. గుర్తు లేని హల్లును పొల్లు హల్లుగానే ఉంచాడు. అకారం కావాలంటే, బ్రాహ్మిలో దీర్ఘానికి వాడే అడ్డగీతను దానికి పెట్టాడు. దీర్ఘానికి ఆ గీతకే కొస కలిపి వేరే గుర్తు చేశాడు. ప్రతి ధ్వనికీ ఒక గుర్తు, కనిపించనిది ఏదీ లేదు. గీతలు ఎక్కువ పడతాయి, అన్నిటికన్నా తరచుగా వచ్చే అచ్చుకే ప్రతిసారీ ఉలి ఆనించాలి. పద్ధతి నిలవకపోవడానికి అదే కారణమై ఉంటుందని నా ఊహ.

మన బడిపిల్లల పాఠంలో మాత్రం దాని పోలిక మిగిలింది. కకు తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి అని గుణింతం వల్లించేటప్పుడు తలకట్టును అకారపు గుర్తుగానే లెక్కిస్తారు. ట, బ, ల లాంటి కొన్నిటికి తప్ప హల్లులకు అది ఉంటుంది, గుడి వచ్చిందంటే పోతుంది. యూనికోడ్ ఈ తలకట్టుకు గడి ఇవ్వలేదు.

కాబట్టి ప్రోగ్రాం చేయాల్సింది భట్టిప్రోలు పనే. మాటను ముందు విడదీయాలి: హల్లు తర్వాత గుణింతపు గుర్తు ఉంటే దాన్ని అచ్చుగా రాయి, పొల్లు ఉంటే ఊరుకో, రెండూ లేకపోతే అ చేర్చు. ‘మిరప’ మ్ ఇ ర్ అ ప్ అ అవుతుంది. తర్వాత హల్లులను ఐదు, అచ్చులను రెండు జరపాలి. ఋ, ౠలను పక్కన పెడితే అచ్చులు పన్నెండు. చివరికి మళ్లీ కలపాలి: పొల్లు హల్లు వెంట అ వస్తే రెండూ కలిసి ఒక్క అక్షరం, వేరే అచ్చు వస్తే గుణింతం, హల్లు లేకుండా అచ్చు వస్తే పూర్తి అక్షరం. మిరప ‘శుసియి’గా తిరిగొస్తుంది, నాలుగు గుర్తులు ఆరయ్యాయి. ఆరు గుర్తుల ఒంగోలు ‘ఔంజహె’ అయి ఐదుకు తగ్గింది, ఓకారం తిరిగి అకారమై మాయమైంది కనుక. మాట పొడవు కూడా దాచిన సంకేతమిది, ఇంగ్లిషు అభ్యాసంలో కుదరని పని.

అయినా పెళుసే. 35ను 12తో గుణిస్తే 420 తాళాలు, యంత్రానికి రెప్పపాటు పని. మనిషికి అన్నీ తిప్పాల్సిన పని కూడా లేదు. మిరప యార్డు కబురొకటి దాచారనుకుందాం, అందులో రైతులు, టిక్కీలు, బస్తాలు అన్న మాటలున్నాయి. అవి ‘సోపెహె’, ‘తుచ్చూహె’, ‘లిఖ్పీహె’ అవుతాయి. మాట మాటకూ చివర హె. తెలుగులో మాటల చివర అంతగా తిరిగొచ్చేది బహువచనపు ‘లు’. ల నుంచి హకు ఐదు, ఉ నుంచి ఎకు రెండు.