ఇంటి పునాదిలో ఆడమనిషి

దెయ్యాల కొంప కథ ఏది చదివినా మన మనసులో మొదట లేచే ప్రశ్న ఒకటే: ఆ దెయ్యం ఎవరు? ఎట్లా చచ్చింది, ఎందుకు తిరుగుతోంది, ఏం చేస్తే పోతుంది? తెలుగులో దెయ్యానికీ ఆడమనిషికీ క్రియ కూడా ఒకటే. వచ్చింది, ఏడ్చింది, వెళ్లిపోయింది. చెప్పేవాళ్లు విడమరచి చెప్పకపోయినా వినేవాళ్ల కళ్ల ముందు జుట్టు విరబోసుకున్న ఆడమనిషే నిలబడుతుంది. ఆ కొంప ఎవరి పేరున ఉందని మాత్రం మనం అడగం. ఈ రెండో ప్రశ్నతో మొదలుపెడితే ఇలాంటి కథలు ఎలా కనిపిస్తాయో చూడాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

మనకి బాగా తెలిసిన కథలతోనే మొదలుపెడదాం. షార్లట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ (1847)లో మేడ మీద బందీగా ఉన్న బెర్తా, ముప్ఫై వేల పౌన్ల కట్నంతో వచ్చిన భార్య. రోచెస్టర్ చిన్న కొడుకు. ఎస్టేటు ముక్కలు కాకుండా పెద్దకొడుక్కే దక్కాలని తండ్రి చిన్నవాడికి డబ్బున్న సంబంధం చూశాడు. డాఫ్నీ ద్యు మారియే ‘రెబెకా’ (1938)లో భర్త భార్యని చంపే ఘట్టం గుర్తు చేసుకోండి. తనకి పుట్టబోయే బిడ్డ వేరే మగవాడి బిడ్డే అయినా ఈ మాండర్లీ భవంతికి వారసుడవుతాడని ఆమె ఎగతాళి చేసినప్పుడే తుపాకి పేలింది. షర్లీ జాక్సన్ ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ (1959)లో ఆ ఇల్లు కట్టించిన హ్యూ క్రెయిన్ మొదటి భార్య దాన్ని కంటితో చూడకుండానే, ఇంటికి వచ్చే దారిలో గుర్రబ్బండి తిరగబడి చనిపోతుంది. మూడూ మనల్ని భయపెట్టే కథలే. మూడింటిలోనూ భయం కింది పొరలో ఉన్నది ఆస్తి, వారసత్వం. శాండ్రా గిల్బర్ట్, సూసన్ గూబార్ 1979లో తెచ్చిన ‘ద మ్యాడ్‌ఉమన్ ఇన్ ది అటిక్’ బెర్తాని జేన్ అణచుకున్న కోపంగా చదవడం మనకి నేర్పింది. ఆ విశ్లేషణకి మనం చాలా రుణపడి ఉన్నాం. కానీ దాని ప్రభావంలో మన చూపంతా స్త్రీ మనసు మీదే నిలిచిపోయి, ఇంటి దస్తావేజు మీద నుంచి కాస్త పక్కకి జరిగిందేమో అనిపిస్తుంది.

సిల్వియా మొరేనో-గార్సియా నవల ‘మెక్సికన్ గోతిక్’ (2020) ఆ చూపుని మళ్లీ దస్తావేజు మీదికి తిప్పుతుంది. ఆమె మెక్సికోలో పుట్టి కెనడాలో స్థిరపడి ఇంగ్లీషులో రాస్తున్న రచయిత్రి. కథాకాలం 1950. మెక్సికోలో ఆడవాళ్లకి జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు 1953లో గాని రాలేదు. అంటే కథానాయిక నోయెమీకి, డబ్బున్న ఇంటి పిల్లే అయినా, ఓటు లేదు. ఎం.ఏ. చదవాలంటే తండ్రి సరేననాలి. వాళ్లింట్లోనే పెరిగిన అక్క వరస అమ్మాయి కటాలినా పెళ్లి చేసుకుని దూరంగా వెళ్లిపోయింది. భర్త తనకి విషం పెడుతున్నాడనీ, గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నాయనీ ఉత్తరం రాసింది. నువ్వు వెళ్లి సంగతి చూసి రా, నిన్ను యూనివర్సిటీలో చేరనిస్తానంటాడు తండ్రి. ఆయనకి కటాలినా మీద ప్రేమ లేదని కాదు. నలుగురి నోళ్లలో పడకుండా వ్యవహారం తేలాలన్నది ఆయన చింత. దెయ్యాల కొంపలోకి అడుగు పెట్టకముందే నోయెమీ నెత్తిన ఒక ఇంటి పరువు ఉంది. నవల బలం ఈ బేరం దగ్గరే మొదలవుతుందని నేననుకుంటాను.

కటాలినా అత్తవారిల్లు పేరు హై ప్లేస్. కొండ మీద, పాత వెండి గని పక్కన, డోయల్ అనే ఇంగ్లీషు కుటుంబం కట్టుకున్న భవంతి. ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. హిడాల్గో రాష్ట్రంలోని రియల్ దెల్ మోంతె ఊరికి 1820ల్లో ఇంగ్లీషు గనుల కంపెనీ వచ్చింది. కార్న్‌వాల్ నుంచి పనివాళ్లు వచ్చారు. వాళ్లు వదిలి వెళ్లిన ఇంగ్లీషు శ్మశానం అక్కడ ఇప్పటికీ ఉంది. రచయిత్రి తన ఊహా గ్రామాన్ని ఆ ఊరి మీదే కట్టారు. నవలలో డోయల్‌లు తోటలో పోయడానికి మట్టి కూడా యూరప్ నుంచే తెప్పించుకున్నారు. ఇంటి పెద్ద హోవర్డ్, మొదటి రాత్రి భోజనాల దగ్గరే నోయెమీ ఒంటి రంగు గురించి, జాతుల మేలు కీళ్ల గురించి మాట్లాడతాడు. గని మూతబడింది, డబ్బు అయిపోయింది. కటాలినాని కోడలిగా తెచ్చుకున్నది ఆమె డబ్బు కోసం, ఆమె కడుపు కోసం. అక్కడికి ఇది మనకి కొత్త కథేమీ కాదు.

కొత్తదనం ఆ ఇంటి రహస్యంలో ఉంది. (నవల చదవబోయేవాళ్లు ఈ పేరా దాటి వెళ్లవచ్చు గానీ, రహస్యం తెలిశాక కూడా నిలబడే నవల ఇది.) చుట్టుపక్కల జనం మందుగా ఎరిగిన ఒక బూజు జాతిని హోవర్డ్ తన సొంతం చేసుకున్నాడు. అది ఇంటి గోడలంతా పాకి, ఆ ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలన్నిటినీ నిలవ చేస్తుంది. ఒంటికి ముసలితనం వచ్చినప్పుడల్లా హోవర్డ్ తన మనసుని తన వంశంలోనే ఇంకో మగవాడి శరీరంలోకి మార్చుకుంటూ వస్తున్నాడు. తండ్రే కొడుకుగా మళ్లీ పుడతాడని మన శాస్త్రాలు చెప్పే మాటని ఇంత భయంకరంగా, ఇంత అక్షరాలా తీసుకున్న నవల ఇంకొకటి నేను చదవలేదు. వంశం నిలబడటమంటే ఇక్కడ ఒకే మగవాడు మళ్లీ మళ్లీ బతకడం. అయితే ఈ ఏర్పాటుకి కేంద్రంగా ఒక మనిషి మనసు కావాలి. దానికోసం హోవర్డ్ తన మొదటి భార్య ఆగ్నెస్‌ని బతికుండగానే పాతిపెట్టాడు. ఇంట్లో అందరినీ వెంటాడే ఆ చీకటి, కలల్లో కనిపించే ముఖంలేని బంగారు స్త్రీ, గోడల్లో ఆగకుండా వినిపించే ఆ రొద, అన్నీ ఆగ్నెస్‌వే. నిజానికి ఆగ్నెస్ ఆ ఇంటిని పట్టిన దెయ్యం కాదు. ఇల్లే ఆమెని పట్టుకుని ఉంది. ఆమె లేకపోతే ఇల్లు నిలవదు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు అనంతపురం జిల్లా గుర్తొచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన ‘ముసలమ్మ మరణము’ మనలో చాలామంది తరగతి గదిలో చదివిందే, కొందరం పాఠంగా చెప్పిందే. బుక్కరాయసముద్రం చెరువు పొంగి కట్ట తెగబోతుంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ బలి అయితే కట్ట నిలుస్తుందని దేవత మాట. పేరుకి ముసలమ్మే గానీ వయసుకి పడుచు. ఆమె వెళ్లింది, కట్ట నిలిచింది. ముసలమ్మ కట్ట అన్న పేరు కూడా నిలిచింది. విమర్శకులు ఈ కావ్యాన్ని ఆధునికతకి తొలి అడుగని, సామాన్య స్త్రీని నాయికగా చేసిన తొలి ఖండకావ్యమని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కాదనను. కానీ ఊళ్లో అంతమంది ఉండగా దేవతకి చిన్న కోడలే ఎందుకు కావలసి వచ్చింది? ఆడపిల్లల్లో బయటి ఇంటి నుంచి వచ్చినది కోడలు, కోడళ్లలో అందరికంటే చివరిది చిన్న కోడలు. పోతే లోటు అందరికంటే తక్కువ ఎవరిదో దేవతకి కూడా తెలుసన్నమాట.

హోవర్డ్ ఆగ్నెస్‌కి చేసినదీ ఊరు ముసలమ్మకి చేసినదీ ఒకటేనని నేననడం లేదు. ఒకటి ఒక కుటుంబం స్వార్థం, రెండోది ఒక ఊరి ప్రాణభయం. ఒకటి బలవంతం, రెండోది కావ్యం ప్రకారం ఆమె ఇష్టం. కానీ కట్టడం పనితీరు ఒక్కటే. నిలబడాల్సింది వాళ్లది, పునాదిలోకి వెళ్లాల్సింది ఆమె. తేడా తరవాత జరిగినదాంట్లో ఉంది. ఆగ్నెస్ దెయ్యమైంది, ముసలమ్మ దేవతైంది.

దేవత చేయడం మనకి బాగా అలవాటు. పేరంటాళ్ల కొలువు తెలియని తెలుగు పల్లె తక్కువ. భర్తతో పాటు కాలిపోయినవాళ్లు, పుణ్యస్త్రీగా పోయినవాళ్లు, ఊరి కోసమో ఇంటి కోసమో ప్రాణం విడిచినవాళ్లు పేరంటాళ్లవుతారు. మా అమ్మమ్మగారింట్లో పెళ్లికి ముందు ఇంటి పేరంటాలికి చీర, పసుపు, కుంకుమ పెట్టి, ఆ చీరని ఇంటి ఆడపడుచు కట్టుకునేది. ఆవిడ ఎవరని చిన్నప్పుడు అడిగితే ‘మన ఇంటావిడే’ అన్నారు. పేరేమిటంటే ఎవరికీ తెలియదు. ఎలా పోయిందంటే ‘అవన్నీ ఇప్పుడెందుకే’ అన్నారు. పెట్టకపోతే ఏమవుతుందంటే మాత్రం అందరికీ తెలుసు. పిల్లలకి జ్వరాలొస్తాయి, శుభకార్యం ఆగిపోతుంది. పేరు మరిచిపోయి భయాన్ని మాత్రం గుర్తుపెట్టుకోవడం ఎంత విచిత్రం! ఆస్తి పత్రాల్లో తాతముత్తాతల పేర్లు వరసగా ఉంటాయి. ఈవిడకి ఏటా ఒక చీర ఉంది, పేరు లేదు.

భయానక సాహిత్యాన్ని చవకబారు కాలక్షేపమని తోసిపుచ్చేవాళ్లతో నేను విభేదించేది ఇక్కడే. పూజ మనకి నిశ్చింతనిస్తుంది. ఆవిడ ఇష్టపడే వెళ్లింది, మనల్ని చల్లగా చూస్తోంది అని నమ్మిస్తుంది. దెయ్యం కథ ఆ నిశ్చింతని తీసేస్తుంది. ఆమె ఇష్టపడలేదు, ఇంకా అరుస్తోంది, మనం కూర్చున్న గోడ ఆమె అని చెబుతుంది. రెండూ ఒకే సంఘటనకి రెండు కథనాలు. వాటిలో స్త్రీకి దగ్గరగా ఉన్నది భయపెట్టే కథే.

రహస్యాలు ఎవరి చేతుల మీదుగా వారసత్వంగా వస్తాయో కూడా ఈ నవల గమనించింది. హోవర్డ్ అన్న కూతురో తమ్ముడి కూతురో అయిన ఫ్లారెన్స్ ఆ ఇంటి కట్టుబాట్లకి కాపలా. భోజనాల దగ్గర మాట్లాడకూడదు, అడగకుండా పట్నానికి వెళ్లకూడదు, రోగి దగ్గర ఎక్కువసేపు కూర్చోకూడదు. ఆస్తి మగవాళ్లకి వెళుతుంది, గుట్టు కాపాడే బాధ్యత ఆడవాళ్లకి వస్తుంది. మనం అత్తల పాత్రలని ఎలా చదవాలో ఫ్లారెన్స్‌ని చూసి ఇంకోసారి ఆలోచించవచ్చు. దీనికి ఎదురు రూత్. హోవర్డ్ కూతురు. బెనీటో అనే మెక్సికన్ యువకుణ్ణి ప్రేమించింది. అతను మాయమయ్యాడు. దాయాదితో పెళ్లి నిశ్చయించారు. ఆమె తుపాకి పట్టుకుని ఇంట్లోవాళ్లని కాల్చి తనూ చచ్చిపోయింది. గోడల్లో మిగిలిన రూత్ ఒకే మాట తిప్పి తిప్పి చెబుతుంది, తనకేమీ పశ్చాత్తాపం లేదని. క్షమాపణ అడగని ఆడదెయ్యం మనకి అరుదు.

అయితే ఈ నవలతో నాకు పేచీ కూడా ఉంది. చివర్లో నోయెమీ ఆగ్నెస్ శవానికి నిప్పంటిస్తుంది, ఇల్లు తగలబడుతుంది. రచయిత్రి దీన్ని ఆగ్నెస్‌కి విడుదలగా చూపారు. కానీ రూత్‌కి దక్కిన ఆ ఒక్క మాటైనా ఆగ్నెస్‌కి దక్కలేదు. ఆమె పెళ్లికి ముందు ఎవరు, ఏం ఇష్టపడేది, మట్టి మీద పడుతున్నప్పుడు ఎవరిని పిలిచింది, మనకి తెలియదు. హోవర్డ్‌కి ఇల్లు నిలబెట్టడానికి ఆమె కావలసి వచ్చింది, కథకి ఇల్లు కూల్చడానికి ఆమె కావలసి వచ్చింది. గని కార్మికుల సంగతి ఇంకా అన్యాయం. ఇంగ్లీషువాళ్లకి సమాధి రాళ్లున్నాయి, మెక్సికన్ పనివాళ్ల శవాలు బూజుకి ఎరువయ్యాయి. రచయిత్రి ఆ మాట చెప్పారు గానీ అక్కడ ఆగలేదు. డబ్బున్న ఇంటి అమ్మాయి తప్పించుకోవడం మీదే మన గుండె కొట్టుకునేలా రాశారు.

పోల్చి చూడటానికి టోనీ మారిసన్ ‘బిలవెడ్’ (1987) ఉంది. బానిసత్వంలోకి మళ్లీ పోనివ్వలేక తల్లి చంపుకున్న బిడ్డ ఆ ఇంటికి తిరిగి వస్తుంది. సెథ కుటుంబం ఉండే 124 నంబరు ఇల్లు వాళ్ల సొంతం కాదు, అది బాడ్విన్‌ల ఇల్లు. వారసత్వంగా రావడానికి ఆస్తి లేదు, గతం ఒక్కటే ఉంది. అక్కడ దెయ్యానికి మాట ఉంది, తన గొంతుతో తనే చెప్పుకునే అధ్యాయం ఉంది. ఆమెని పంపించేది నిప్పు కాదు, వాకిట్లో గుమిగూడిన ముప్ఫైమంది ఆడవాళ్ల గొంతులు. దెయ్యంతో మాట్లాడటానికీ దెయ్యాన్ని వదిలించుకోవడానికీ ఉన్న తేడా ఈ రెండు నవలల మధ్య దూరం.

బెర్తాకి ఆ మాట దక్కింది 1966లో, జీన్ రీస్ ‘వైడ్ సార్గాసో సీ’ రాసినప్పుడు. 119 ఏళ్లు పట్టింది. కట్టమంచి కావ్యం వచ్చి అంతకంటే ఎక్కువే అయింది. ముసలమ్మ కట్ట మీది నుంచి నీళ్లలోకి చూసిన ఆ క్షణాన్ని త్యాగమనే మాట లేకుండా, ఆమె వైపు నుంచి ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. అది భయపెట్టే కథే అవుతుంది. అవ్వాలి కూడా.