మిద్దె మీద బెండకాయ కిలో ఎంత?

మిద్దె తోట ఉన్న ఇంటికి చుట్టాలెవరొచ్చినా పైకెక్కి ఒక చుట్టు చూసి అడిగేది ఒకటే: "ఇంతకీ గిట్టుబాటవుతుందా?" తోట మొత్తానికి లెక్క కడితే గిట్టదు. గ్రో బ్యాగులు, ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీ కంపోస్టు, వేపపిండి, ఆ మట్టిని మూడో అంతస్తుకి మోసిన కూలి అన్నీ కలిపితే మొదటి ఏడాది బెండకాయ బంగారం ధర పలుకుతుంది. అమెరికాలో విలియం అలెగ్జాండర్ అనే ఆయన పెరటి టమాటా ఒక్కోటి 64 డాలర్లు పడిందని లెక్కగట్టి, 2006లో ఆ పేరుతోనే పుస్తకం వేశాడు. మనం అంత దూరం పోలేదు, సంతోషం.

అయితే లెక్క మొక్కకో పద్దుగా రాసుకోవాలి. బెండ మొక్క రోజు విడిచి రోజు ఒకటో రెండో కాయలిస్తుంది. నలుగురికి వేపుడు కావాలంటే పది పన్నెండు మొక్కలైనా ఉండాలి. టమాటాకి తెల్లదోమ పట్టి ఆకుముడత వచ్చిందా, అంతే సంగతులు. బచ్చలి అలా కాదు. కూర వండుకోగా మిగిలిన ముదురు కాడను గుచ్చితే నెల తిరక్కుండా తీగ సాగుతుంది. పుదీనా కూడా అంతే. విత్తనం చల్లిన నెలకి తోటకూర కోతకొస్తుంది. ఇక కరివేపాకు, రెండు రెబ్బల కోసం కట్ట కొని, మిగతాది ఫ్రిజ్‌లో ఎండబెట్టే బాధ తప్పుతుంది.

బీర, సొర మాత్రం మన చేత చాకిరీ చేయిస్తాయి. వాటి పూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి. ఆ వేళప్పుడు మేడ మీదికి పురుగూ పుట్రా వచ్చేది తక్కువ. మగ పువ్వు తుంచి, రేకులు ఒలిచి, అడుగున పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో పుప్పొడి అద్దాలి. అద్దకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. ఈ కూలి ఏ పద్దులో రాయాలో నాకిప్పటికీ తెలీదు.

నిజానికి మన తోట గిట్టకపోవడానికి పెద్ద కారణం బజారులో కూరగాయలు అంత చౌకగా దొరకడమే. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటితే గగ్గోలు పెట్టాం. ధర పడిపోయినప్పుడు మదనపల్లె వైపు రైతులు కోత కూలి కూడా రాదని అదే టమాటాను రోడ్డు పక్కన పారబోస్తారు. రైతు తన రెక్కల కష్టాన్ని లెక్కలో వేసుకోకుండా అమ్ముతున్న సరుకుతో మన కుండీ ఎక్కడ పోటీ పడుతుంది?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే. టమాటా, బెండ, క్యాబేజీ బజారులో కొనండి, బేరమాడకండి. మేడ మీద ఆకుకూరలు వేసుకోండి. పాత బకెట్లకి అడుగున చిల్లులు పెడితే కుండీల ఖర్చు ఉండదు. ఎండలు ముదరకముందే షేడ్ నెట్ కట్టండి. వీటన్నిటికన్నా ముందు స్లాబు నెమ్మెక్కిందేమో మేస్త్రీకి చూపించండి. ఒక్కసారి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సి వస్తే ఏళ్ల తరబడి తిన్న తోటకూర లాభమంతా అందులోనే పోతుంది.