షామియానా కింద విచారణ

మా విచారణకు ఇప్పుడు గుడి లేదు. పాత గుడి గోడలు బీటలిచ్చి, వాన పడితే బలిపీఠం మీద కూడా కారుతుంటే పోయిన వేసవిలో దింపేశారు. కొత్త గుడికి స్తంభాలు లేచాయి, స్లాబు పడింది, గోడలు ఇంకా రావాలి. పూజ షామియానా కింద జరుగుతోంది. సత్ప్రసాద మందసం సిస్టర్లమ్మల మఠంలో ఉంది. మరియమాత నవదిన ప్రార్థనలు, తేరు ప్రదక్షిణ, క్రిస్మస్ అర్ధరాత్రి పూజ అన్నీ ఇసుక గుట్టలకూ ఇనుప చువ్వలకూ మధ్యనే జరిగాయి. ఎలాగోలా గడిచిపోతే చాలని చాలామంది అనుకునే కాలం ఇది. నాకు మాత్రం ఇంత విలువైన కాలం మా విచారణకు మళ్లీ రాదేమో అనిపిస్తోంది.

గుడి పని డబ్బుతోనే మొదలవుతుంది. మా గోదావరి వైపు పల్లెల్లో ఆ డబ్బు వచ్చే దారులు చాలా. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం పక్కన డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సార్వా మాసూళ్లయ్యాక కొత్త ధాన్యం బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, అరటి గెల కానుకగా తెచ్చి పూజ తర్వాత వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు దాన్ని ఇంటికి పట్టుకెళ్లరు, మళ్లీ గుడికే ఇచ్చేసి ఇంకోసారి పాడిస్తారు. ఒక్క గుమ్మడికాయ అలా చేతులు మారుతూనే ఉంటుంది. ఇక కువైట్‌లో ఇళ్ల పనికి వెళ్లిన మా ఊరి ఆడపడుచులు పంపే సొమ్ము. ఎక్కడో పరాయి వంటింట్లో నిలబడి సంపాదించి, తాము ఎప్పుడు వచ్చి కూర్చుంటారో తెలియని గుడికి పంపుతున్నారు. ఆ సొమ్ముతో కొన్న సిమెంటు బస్తా చిరిగి కారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

స్లాబు పోసిన రోజు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తెల్లారకముందే మిల్లరు తిరగడం మొదలైంది. పనివాళ్లు ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు, మన మతం కానివాళ్లు. చువ్వలు కట్టింది ఒక ముస్లిం మేస్త్రీ. మా కుర్రాళ్లు కంకర మోశారు, మరియదళం ఆడవాళ్లు వంట చూసుకున్నారు, అన్ని పేటలవాళ్లూ పనివాళ్లతో కలిసి ఒకే పంక్తిలో తిన్నారు. మర్నాటి నుంచి స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపారు. ఎండిపోకుండా చూసే పని యువత వంతులేసుకుంది. జపమాల చెప్పుకుంటూ పైకెక్కి నీళ్లు పెట్టి దిగేవారు.

అప్పుడే ఒక ఒత్తిడి మొదలైంది. క్రిస్మస్ పూజ స్లాబు కిందే జరగాలి, సెంట్రింగ్ విప్పేయండి అని కొందరు పట్టుబట్టారు. తాపీ మేస్త్రీ ఒప్పుకోలేదు. ‘‘ఇప్పుడు విప్పితే పూచీ నాది కాదండీ ఫాదర్‌గారూ’’ అనేశాడు. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కకడతారు. మన ఆగమన కాలం కూడా దాదాపు అంతే, 22 నుంచి 28 రోజులు. ఫాదర్‌గారు మేస్త్రీ మాటే నిలబెట్టారు. పశువుల పాకను ఇసుక గుట్ట పక్కనే వేసుకున్నాం. పాకలో పుట్టిన ప్రభువు పండుగకి అది తక్కువేమీ కాలేదు.

పండుగ తేదీ పెట్టి గుడిని తరమడం మన విచారణల్లో పాతుకుపోయిన అలవాటు. బిషప్‌గారి తేదీ దొరికిందని రాత్రింబవళ్లు పని చేయించి, రంగు ఆరకముందే రిబ్బను కట్టడం నేను చాలాచోట్ల చూశాను. ఇంత తొందర మనకు ఎవరు నేర్పారో తెలియదు. గుణదల చరిత్ర అయితే నేర్పలేదు. ఫాదర్ అర్లాటి అక్కడ మరియమాత స్వరూపాన్ని నిలిపింది 1924లో. కొండ మీదికి ఇనుప సిలువ 1937లో చేరింది. దేవాలయ ప్రతిష్ఠ 1971లో. ఈ మధ్యకాలమంతా గుడి పూర్తి కాలేదని జనం రావడం మానలేదు. నేటికీ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షలమంది ఆ కొండ ఎక్కుతున్నారు, వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఎందరో.

తిరుసభ చట్టం కూడా తొందరపెట్టదు. బిషప్ లిఖితపూర్వక అనుమతి లేకుండా గుడి కట్టకూడదు. ఆ అనుమతి ఇచ్చే ముందు ఆయన పక్క గుళ్ల గురువుల మాట వినాలి, కట్టడానికీ తర్వాత ఆరాధన నడపడానికీ వనరులు ఉంటాయా అని చూడాలి. అప్పుచేసి గోపురం లేపి, ఆ తర్వాత కరెంటు బిల్లుకి చందాలు ఎత్తేవాళ్లు ఈ నియమాన్ని ఒకసారి చదవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రతిష్ఠ సాంగ్యం. బలిపీఠం నడుమ, నాలుగు మూలల్లో బిషప్ పరిశుద్ధ తైలం పోసి చేత్తో రుద్దుతారు. గోడలకు పన్నెండు చోట్ల గానీ నాలుగు చోట్ల గానీ అదే తైలం పూస్తారు. పీఠం మీద సాంబ్రాణి వెలిగిస్తారు, వస్త్రం పరుస్తారు, దీపాలు పెడతారు. అయితే వీటన్నిటికంటే ముందు తీర్థం చల్లుతారు. మొదట చల్లేది జనం మీద. గోడలు ఆ తర్వాత, బలిపీఠం చివర. అసలు గుడి జనమేనని తిరుసభ ఆ వరుసలోనే చెబుతోంది.

ఆ వరుస మనం పాటిస్తున్నామా? పాత గుడిలో ముందు బెంచీలు కొన్ని కుటుంబాలవిగా చెలామణీ అయ్యేవి. ఎవరూ రాసిపెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. జ్ఞానస్నానం తీసుకున్నా కులం మన గుళ్ల గుమ్మం దగ్గర ఆగిపోలేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయినప్పుడు, తెలుగువారిలో తొలి కార్డినల్ అనీ, దళితుల్లో తొలి కార్డినల్ అనీ మా ఊళ్లో టపాసులు కాల్చాం. ఆ సంతోషం నిజమైనదే. కానీ బెంచీల వరుస మాత్రం మారలేదు. షామియానా వచ్చాకే మారింది. ఇక్కడ బెంచీలు లేవు, పట్టాలు పరిచారు, ముందు వచ్చినవాళ్లు ముందు కూర్చుంటున్నారు. ఏ పేటవాళ్లు ఏ మూల కూర్చోవాలో ఇప్పుడెవరికీ గుర్తులేదు. కొత్త గుడిలో ఆ పాత వరుస మళ్లీ వస్తే, గ్రానైటు ఎంత మెరిసినా మనం కట్టింది పాత గుడే.

దాతల పేర్ల శిలాఫలకం గురించి ఇప్పుడే చర్చ మొదలైంది. లక్ష ఇచ్చినవాళ్ల పేరు పైన, యాభై వేలు ఇచ్చినవాళ్ల పేరు కింద అంటున్నారు. పిడికెడు బియ్యం డబ్బా పేరు ఎవరూ ఎత్తడం లేదు. నా మాట అడిగితే ఫలకం మీద ప్రతిష్ఠ తేదీ, గుడికి పెట్టిన పునీతుల పేరు, కట్టిన మేస్త్రీల పేర్లు చాలు.

మీ ఊళ్లోనూ గుడి పని నడుస్తుంటే మీకో విన్నపం. ఈ ఆదివారం పూజ అయ్యాక విచారణ సంఘాన్ని రెండు సంగతులు అడగండి. జమాఖర్చులు నెలనెలా అందరి ముందూ చదవమనండి. కొత్త గుడిలో ఏ బెంచీ ఎవరి పేరునా ఉండదని తీర్మానం రాయించండి. గోడలు లేవకముందే అడగండి.