కైఫీయతుల భాష: అన్యదేశ్యవిచారము

తుళ్లూరు ప్రాంతమునందలి నేల రెండు పేళ్లతోఁ బిలువఁబడుచున్నది. కృష్ణకుఁ జేరువగా నుండి బావినీటితోఁ బలుపంటలు పండు నేల జరీబు. వానను నమ్మి ప్రత్తియు మిరపయుఁ బండు నేల మెట్ట. రెండవది దేశ్యము. మొదటిది పారసీకమార్గమున వచ్చిన యరబ్బీపదము. మొగలాయీ రాజ్యమునఁ గొలచు త్రాటికిని గొలువఁబడిన నేలకును నదియే పేరు. 2015వ సంవత్సరమున నూతనరాజధానికై తుళ్లూరు మొదలగు గ్రామములలో భూసమీకరణము జరిగినపుడు ప్రభుత్వనియమములలో నీ రెండు మాటలును యథాతథముగాఁ జేరినవి. ఎకరమునకు మొదటియేఁటి కౌలు జరీబునకు 50,000 రూపాయలు, మెట్టకు 30,000 రూపాయలు. ఆ కౌలను మాటయు నరబ్బీయే. గోలకొండ సుల్తానులు పోయిరి, మొగలాయీలు పోయిరి, కంపెనీ పోయెను; కొలత్రాడు మాత్ర మా పొలములనుండి తీయఁబడలేదు.

ఒక రాజ్యము మఱియొక జనమును జయించినపుడు జితుల భాషయం దేమి జరుగునను ప్రశ్నకు సమాధానమును విమర్శకులు కావ్యములయందే వెదకుట యాచారమైనది. కొండవీటిసీమ విషయమున నా యాచారము చాలదు. అందులకుఁ గావలసిన గ్రంథములు కైఫీయతులు. కల్నల్ మెకంజీ కొలువున నుండిన కావలి సోదరులును వారి సహాయులును గ్రామగ్రామమునఁ గరణములచే వ్రాయించి తెచ్చిన యీ వ్రాఁతలను జరిత్రకారులు గనివలెఁ ద్రవ్వుకొనిరి. సాహిత్యవేత్తలు చాలవఱకు గ్రామ్యమని త్రోసివేసిరి. వ్యాకరణదృష్టితోఁ జూచినను ఆ త్రోసివేఁత తొందరపాటే. గ్రామ్యమనఁగా లక్షణవిరుద్ధము. కైఫీయతు భాషకు లక్షణము లేకపోలేదు. ఆ లక్షణమును జెప్పినవారు లేరు.

కొండవీటిని 15వ శతాబ్ది నడుమ గజపతులు గైకొనిరి. 1515లోఁ గృష్ణదేవరాయలు వారినుండి దానిని జయించెను. ఆ జయము మంగళగిరి శాసనమునఁ గలదు. రాయలు తులాపురుషదానము చేసిన సంగతి యమరావతి శాసనమునఁ గలదు. తుళ్లూ రీ రెండూళ్లకు నడుమనే యున్నది. దొర మాఱెను గాని యీ సీమలో శాసనముల భాష ప్రాయికముగా సంస్కృతాంధ్రములే. 1579లో గోలకొండ సైన్యము కొండవీటిని బట్టుకొన్న పిమ్మటి మార్పు వేఱు జాతిది. కొండవీటికి ముర్తజానగరమని పేరు పెట్టిరి. కొండయు వీడును రెండును దేశ్యములు. వానితోఁ గూడిన పేరును జనులు విడువలేదు. అయినను 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిదపను, 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిన పిదపను గూడఁ గాగితముమీఁద ముర్తజానగరమే నిలిచెను. నోటి కొక పేరును గాగితమున కొక పేరును ఏర్పడుట యీ సీమ భాషాచరిత్రమునఁ బెద్ద సంగతి.

గోలకొండ ప్రభువులు తెలుఁగును ద్వేషించిరని యెవరైనఁ దలఁచినచో నది పొరపాటు. పారసీకముతోఁ బాటు తెలుఁగు వ్రాఁతయుఁ గల కుతుబుషాహీ ఫర్మానాలు గలవు. తెలుఁగుకవులకు వారు కృతిపతులు. భాషను మార్చినది ద్వేషము గాదు, కచ్చేరి.

కైఫీయతులలోని యొక ప్రయోగమును బరిశీలించినచో నిది తేటపడును. ఈ సీమలోని పెక్కు కైఫీయతులు గణపతిదేవుని ప్రధానియైన గోపరాజు రామన్న బ్రాహ్మణులకు గ్రామకరణికపు మిరాసు లిచ్చెనని చెప్పుచున్నవి. చరిత్రకారులు తిథివారములను శోధించి, యిందలి కాలము గణపతిదేవునికిఁ బొసఁగదని తేల్చి యంతటితో నూరకుండిరి. కరణికము సంస్కృతభవము, మిరాసి యరబ్బీ. కాకతీయుల కాలమున నిచ్చిరన్న హక్కును గోలకొండ తెచ్చిన మాటతోఁ గాని కరణము చెప్పలేకపోయెను. తాతముత్తాతల సొత్తని వాదింపఁబూనినవాఁడు తాతలు వినియెఱుఁగని మాటనే సాక్ష్యముగాఁ జూపెను. హక్కు నిలుపుకొనుటకుఁ గచ్చేరి కర్థమగు మాట గావలెను గదా. దీనిని దోషమనుటకంటె, జితుఁడైనవాని యవస్థకుఁ బదరూప మనుట మేలు. హక్కనునదియు నరబ్బీయే యని యిచట జ్ఞాపకము చేయుట యప్రస్తుతము గాదు.

కాలగణనముననుఁ గరణమున కిట్టి రెండు త్రాసు లుండెను. దేవుని ప్రతిష్ఠకు శాలివాహనశకము, శిస్తునకు ఫసలీ. ఒకే కైఫీయతులో దేవుఁడొక యేఁటను బంట యొక యేఁటను నుండుటను జదువరి గమనింపవలెను.

కావ్యమార్గ మిందుకు భిన్నము. ఇబ్రాహీం కుతుబుషాహ 1550 మొదలు 1580 వఱకు నేలెను. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాతని కంకితము చేసెను. కవుల వాక్కున నా ప్రభువు మల్కిభరాముఁడు. ఈ రూపసిద్ధి యెంతయు రమ్యము. ఇబ్రాహీమను శబ్దమున బకారరేఫములు సంయుక్తములు. తెలుఁగునోరు సంయోగమును విడఁదీసి నడుమ నచ్చును జేర్చెను. హకారపు టూపిరిని వెనుకకుఁ దెచ్చి బకారమును మహాప్రాణముగాఁ జేసెను. ఇభమనఁగా నేనుఁగు, రాముఁడు రాముఁడే. మలిక్ అను బిరుదము మల్కియై ముందు గూడెను. ఇట్లు గోలకొండ సుల్తాను సంస్కృత ప్రాతిపదికమై, సమాసములకుఁ దగినవాఁడై, డుమువులు గైకొని తెలుఁగు విభక్తులలో నడచెను. దీనిని స్తుతియని మాత్రమే చదివినవారు సగమే చదివిరి. నేల సుల్తానుది, పేరు కవిది. కరణమో, యాతనిని విభురామని విన్నది విన్నట్లు వ్రాసికొనెను. అందును విభుశబ్దము తొంగిచూచుచుండుట విశేషము. పండితుఁడు తెలిసి చేసినదానిని గరణము తెలియకయే చేసెను.

పొన్నగంటి తెలగనార్యుని యయాతిచరిత్రమును గూర్చి విమర్శకులలో నొక యభిప్రాయము పాతుకొన్నది. అన్యరాజ్యమునఁ దెలుఁగు తన్నుఁ దాను గాపాడుకొనుటకై తొడిగిన కవచమే యచ్చతెలుఁగని వారి వాదము. ఇది విన సొంపైనదే గాని నిలుచునది గాదు. ఆ కావ్యము పొట్లచెఱువు నమీనుఖానునకు, ననఁగా గోలకొండ యధికారికే, యంకితము. తెలగన నిషేధించినవి తత్సమములు. దొంగ యే దారిని వచ్చుచున్నాఁడో చూడక, వేఱు దారికిఁ గంచె వేసినట్లున్నది. నిజమునకు దొంగ సంగతియే యక్కడ లేదు. విజయనగరపు సంస్కృతసమాసాడంబరమునకు భిన్నముగా, దేశభాషనే తనదిగాఁ జేసికొనఁదలఁచిన క్రొత్త యాస్థానమున కా కావ్యము తగియుండెనని యూహించుట యుక్తతరము. తెలగన పనితన మిందువలనఁ దగ్గదు. అంతటి కావ్యమును దత్సమము లేక నడపుట సామాన్యము గాదు. కొన్నిచోట్ల బిగువు సడలి, పర్యాయపదముకై వెదకులాట కనఁబడినను బఠింపఁదగిన కావ్యమే. కాని యందు జితజనుల గొంతు వినఁబడునని చెప్పరాదు. ఆ గొంతు కరణపు కవిలెలోనిది.

పొలమునకే పోయి చూచినచో నీ సంగతి మఱింత స్పష్టము. నాఁగలి, కాఁడి, మేడి, కొఱ్ఱు, గొడ్డలి, కొడవలి, కుప్ప, కల్లము: అన్నియు దేశ్యములు. పంట కల్లము దాఁటినదో లేదో శిస్తు, కిస్తీ, జమాబందీ, బాకీ, రసీదు, జప్తు, ఫిర్యాదు, వకీలు. దున్నువాని పేరు సైతము రైతయ్యెను. కాఁపు కులనామముగా మిగిలెను. దీనికి మిరప యెదురు సాక్ష్యము. అది పశ్చిమసముద్రముల కావల నమెరికాఖండమునఁ బుట్టి, పోర్చుగీసువారి యోడలమీఁద వచ్చిన పైరు. దానికిఁ దెలుఁగువారు పరదేశపు పేరు పెట్టుకొనలేదు. తమ మిరియమును దలఁచుకొని మిరప యనిరి. పొలములోనికి వచ్చిన పరదేశి తెలుఁగయ్యెను. పొలమునుండి కచ్చేరికిఁ బోయిన తెలుఁగువాఁడు పరదేశి యయ్యెను.

సంస్కృతపండితులు దీనిని విని సంతోషింపఁ బనిలేదు. అగ్రహారము, కరణము, శాసనము ననునవియుఁ బొలములోఁ బుట్టిన మాటలు గావు. అవియు నొకానొకప్పుడు రాజముద్రతో వచ్చినవే. అమరావతి ప్రాకృతశాసనమున నాగబు అను నొక్క తెలుఁగుమాట కనఁబడుటయే పండితుల కెంత పండుగయ్యెనో తెలిసినదే. అంతటి రాతిపనియందుఁ దెలుఁగున కప్పుడు దొరకిన చోటు దాదాపుగా నంతియే. కాలము గడచిన కొలఁదిఁ దత్సమ మింటిదయ్యెను. అన్యదేశ్యము వాకిటనే నిలిచెను.

వాకిట నిలిపినది వ్యాకరణమే. పల్నాటి కామేపల్లివాఁడైన యప్పకవి 1656లో లక్షణగ్రంథము వ్రాయఁబూనునాఁటికి నా సీమ గోలకొండ యేలుబడిలో డెబ్బదియేండ్లకుఁ బైగా నుండెను. చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ దెలుఁగును దత్సమ తద్భవ దేశ్య గ్రామ్యములని నాలుగు విధములుగానే విభజించెను. జరీబున కా నాల్గింటఁ జోటు లేదు. గ్రామ్యమందుమన్నచో, దానికి సాధురూపమైన వేఱొక తెలుఁగుమాట యుండవలెను, అట్టిది లేదు. 1854లో బ్రౌనుదొర యన్యదేశ్యములను వేఱుపఱిచి మిశ్రభాషానిఘంటువును బ్రకటించెను. ఆయన శ్రమ మెచ్చఁదగినది. కచ్చేరి కాగితములు చదువవలసినవారికిఁ జాల నుపకరించెను. అయినను ఒకే రైతు ఒకే వాక్యమున నాడిన పొలమను మాట యొక నిఘంటువునను, బట్టా యను మాట వేఱొక నిఘంటువునను జేరుట చిత్రము.

ఇఁకఁ గైఫీయతులను బ్రకటింపఁబూనువారికి జేయఁదగిన విన్నప మొకటి గలదు. పాదుషా యను మాటకును, ముర్తజానగరమునకును, విభురామునకును వ్రాఁతప్రతులలో నెన్ని రూపము లున్నవో యన్నిటిని నున్నవి యున్నట్లే ముద్రింపవలెను. వానిని బారసీకనిఘంటువు ప్రకారము దిద్దినచో నే యూరి కరణము చెవి కే ధ్వని యెట్లు సోఁకెనో తెలియు మార్గము మూసికొనిపోవును. సూచికలో శుద్ధరూపము చూపిన నది చాలును. తుళ్లూరు చుట్టుపట్టుల నిప్పటికిని జరీబు, మెట్ట, లంక యను మాటలు వ్యవహారములో నున్నవి. ఆ నేలలోఁ జాలభాగము సాగు మాని రాజధాని పటములోనికిఁ బోయినది గావున, పెద్దలనుండి యీ మాటల యర్థభేదములను వ్రాసికొను పనియుఁ గైఫీయతుల ముద్రణముతోఁ బాటే సాగవలెను.