శ్రీకృష్ణరాయబారము: ప్రయోగ తారతమ్య విచారము

ఆంధ్రదేశమున మిక్కిలి తఱచుగా నాడఁబడిన పద్యనాటకములలో తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు అగ్రగణ్యములు. వానిలోని రాయబార ఘట్టమును గూర్చి నాటకాభిమానులలో నొక వివాదము చిరకాలముగా నడచుచున్నది: ఆ ఘట్టమును ఎవ్వరు బాగుగా నాడిరి? ఏ ప్రయోగము మేలైనది? ఈ వివాదము నటుల పేళ్లతో నారంభమై నటుల పేళ్లతోనే ముగియుట వాడుక. ఒకరు ఒక కృష్ణుని గొంతుకను బొగడుదురు, ఇంకొకరు వేఱొక కృష్ణుని వాచికమును బొగడుదురు, తెల్లవాఱును. కాని నటుఁడు మేలా యనునది వేఱు, ప్రయోగము మేలా యనునది వేఱు. నాటకమున కొక మూలము గలదు. ప్రయోగ మనఁగా ఆ మూలమునకు రంగముపై వ్రాయఁబడిన వ్యాఖ్య. వ్యాఖ్యాత కంఠము మధురముగా నున్నదని వ్యాఖ్యను మెచ్చుకొను పండితుఁడు లేఁడు గదా.

కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో జన్మించి 1920లో గతించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో జన్మించి 1950 వఱకు జీవించిరి. పాండవుల కథను జననము మొదలు అశ్వమేధము వఱకు వీరు ఆఱు నాటకములుగా రచించినను, రంగమున కెక్కి నిలిచినవి ప్రధానముగా ఉద్యోగ విజయములు రెండే. ఉద్యోగమునకు తిక్కన యుద్యోగపర్వము వెన్నెముక. తిక్కనవలెనే వీరును పాత్రముల నోట మాటనే పద్యముగా నిలిపిరి. సమాసముల యాడంబరము తక్కువ, ఇంటి పలుకుబడి యెక్కువ. శతావధానుల నోట ఆశువుగా వెలువడు పద్యమునకుండు నునుపు ఈ సంభాషణ లన్నింటను గలదు. అయితే అచ్చుపడిన నాటకము వేఱు, ఆడఁబడు నాటకము వేఱు. ఊరూర ‘రాయబారము’ అను పేర ప్రసిద్ధమైనది మూలమునుండి యేర్చి కూర్చిన కొన్ని రంగముల సముచ్చయము. అందు రెండు రంగములు ప్రాణములు. శయనించియున్న కృష్ణుని కడకు అర్జున దుర్యోధనులు సాహాయ్యార్థులై వచ్చుట మొదటిది. దీనికి నటుల వాడుకలో ‘పడకసీను’ అని పేరు. కౌరవసభలో కృష్ణుఁడు సంధి మాటలాడుట రెండవది.

పద్యమును రాగయుక్తముగాఁ బాడుట యెట్లు వచ్చినదో తెలియక ఈ తగవు తీఱదు. 1880 ప్రాంతములలో ధార్వాడ నాటకసమాజములు తెలుగుసీమకు వచ్చి సంగీతప్రధానములగు ప్రయోగములను జూపినవి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో చిత్రనళీయమును బ్రదర్శించి, పాటలకును పద్యములకును రంగమున స్థానము గట్టిపఱచిరి. పిదప హార్మోనియము వచ్చినది. దానిని నిందించుట పండితులకు సులభము. 1940లో ఆలిండియా రేడియోవారు దానిని బహిష్కరించుటయు జరిగినది. అది గమకమును బలుకలేదనుట నిజమే. కాని ధ్వనివిస్తారకములు లేని కాలమున, పందిరిక్రిందనో బయలునందో కూర్చున్న వేలాదిజనులకు పద్యము వినఁబడవలెనన్నచో నటుఁడు తారస్థాయి నెత్తుకొనక తప్పదు. ఆ స్థాయిలో శ్రుతి చెడకుండ నిలుపుటకు హార్మోనియము తోడు కావలెను. మాటగాఁ బలికిన పద్యము నాలుగవ వరుస దాఁటదు. పాడిన పద్యము ఊరి పొలిమేర వఱకుఁ బోవును. కాఁబట్టి పుట్టుకలో రాగము విలాసము గాదు, అవసరము. అవసరము తీఱిన వెనుకఁ గూడ అలవాటు నిలిచినది. అదియే తగవునకు మూలము.

మైకు వచ్చిన తరువాత రాగము తగ్గవలసినది, పెరిగినది. దీనికిఁ గారణము కాంట్రాక్టు నాటకము. ఒక సమాజమువారు కలసి అభ్యసించి ఆడు పద్ధతి తొలఁగి, కాంట్రాక్టరు పలుతావులనుండి పేరుపొందిన నటులను ఒక్క రాత్రికిఁ గూర్చు పద్ధతి ప్రబలినది. ఒక్క నాటకములోనే పడకసీనునకు ఒక కృష్ణుఁడు, రాయబారమునకు మఱియొక కృష్ణుఁడు. కరపత్రములపై వారి పేళ్లు పెద్దయక్షరములతో నుండును. చూడవచ్చినవారు కథను జూడ రాలేదు. కథ వారికిఁ దెలిసినదే. వారు పోటీని జూడ వచ్చిరి. మొదటి కృష్ణుఁడు ఒక పద్యమునకు రెండు వన్సుమోరులు సంపాదించినచో రెండవ కృష్ణుఁడు మూఁడు సంపాదింపవలెను. ఈ స్పర్ధలో సంగీతజ్ఞానము పెరిగినదనుటలో సందేహము లేదు. కల్యాణం రఘురామయ్య (1901–1975) వంటి మధురకంఠుని గానము ఎవ్వరికిఁ జేఁదు? ఈలపాట యను బిరుదు ఆయనకుఁ బుట్టుకతో వచ్చిన యింటిపేరువలె నతికిపోయినది. షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావుగార్ల పద్యములను కంఠస్థము చేసినవారు పల్లెలలో నెందఱో గలరు. ఉద్యోగపర్వమును బుస్తకమున జదువనేరని కర్షకుఁడు కృష్ణుఁడు సభలో నేమన్నాఁడో ఎఱుఁగుట ఇట్టి గాయకుల పుణ్యమే. దీనిని మఱచి రాగమును దూషించుట కృతఘ్నత.

అయినను పద్యములను విడివిడిగాఁ దూఁచి చూచినచో వానిలో అన్నింటికి ఒకే రాగసంస్కారము సరిపడదని తేటపడును. పడకసీనులో కృష్ణుఁడు మేల్కొని మొదట కాళ్లదెసనున్న అర్జునునిఁ బలుకరించును, పిదప తలదెసనున్న దుర్యోధనునిఁ బలుకరించును. రెండును కుశలప్రశ్నలే, రెండు పద్యములలోను అన్నదమ్ముల క్షేమమడుగుటయే విషయము. అర్జునునితోఁ బలుకు పద్యమున భీముఁడు అన్నమాటకు లోఁబడి శాంతముగా నున్నాఁడా యను ప్రశ్న గలదు. అందు చిఱునవ్వు గలదు, మేనఱికపుఁ జనువు గలదు. దుర్యోధనునితోఁ బలుకు పద్యమున, కర్ణుఁడు, భీష్ముఁడు, ద్రోణుఁడు మొదలగువారు ఒక్కొక్కరు ‘నీ’ వారుగా వరుసగా వత్తురు. మర్యాద యంతయు నుండి చనువు లేకపోవుటయే ఆ పద్యమునందలి చమత్కారము. రెండును చిన్నచిన్న ప్రశ్నలతోఁ గూర్చఁబడినవి గావున నడుమ నాఁగుటకుఁ జోటు గలదు. ఆఁగినచోట రాగము తీసినను అన్వయము చెడదు. పడకసీనున గాయకనటులు రాణించుటకు ఇదియే కారణము. అచ్చట రాగము తప్పు గాదు. రెండు పద్యములను ఒకే ధోరణిలోఁ బాడి, బావమఱఁదులిరువురను ఒక్కనిఁగాఁ జేయుటయే తప్పు.

సభారంగమున సంగతి వేఱు. కపిధ్వజమైన రథమును, దానిని దోలు తనను, గాండీవము ధరించిన ఫల్గునుని వర్ణించుచు కృష్ణుఁడు చెప్పు శార్దూలము తెలియనివారు లేరు. ఆ పద్య మొక్కటే వాక్యము. మూఁడు పాదములు దాదాపుగా ‘అర్జునుఁ డట్లు సేనలఁ జెండునప్పుడు’ అను ఉపవాక్యముతోనే నిండిపోవును. ప్రధానక్రియ, కురురాజ సంబోధనము, సంధిప్రసక్తి, అన్నియు నాలుగవ పాదమునఁ గలవు. అంతకంటె ముఖ్యమైన విశేష మొకటి: మూఁడవ పాదము ముగియుచోట ఒక పదము విఱిగి రెండవ భాగము నాలుగవ పాదమున కెక్కుచున్నది. అది సామాన్యపదము గాదు. ‘ఒక్కఁడైనను’ అని యర్థమిచ్చు పదము. నీ మొఱ వినువాఁడు ఒక్కఁడైనను ఉండఁడు అనుటయే పద్యసారము గదా. పాదాంతమున నాలాపము చేయు నలవాటుగల గాయకుఁడు మూఁడవ పాదము చివర నిలిచి రాగము తీసినంతనే ఆ పదము రెండు తునకలగును. ఒక తునక రాగమునకు ముందు, ఒక తునక రాగమునకు తరువాత. వినువారికి ధ్వజము వినఁబడినది, గాండీవము వినఁబడినది. బెదరింపు మాత్రము వినఁబడలేదు. చప్పట్లు మ్రోఁగును. కురురాజు మాత్రము భయపడవలసిన కారణ మేమియు లేదు.

‘అట్లయిన పద్య మెందుకు, వచనమే చాలును గదా’ అని రాగపక్షమువారు వేయు ప్రశ్న బలమైనదే. యతిప్రాసలు గల గణబద్ధరచనను కేవలము మాటగాఁ బలికినచో అది వచనమునకును గాక పద్యమునకును గాక పోవును. బళ్లారి రాఘవ (1880–1946) అభినయమునకు సంగీతము లోఁబడి యుండవలెనని పట్టుపట్టినప్పుడు ఆయనపై వచ్చిన యాక్షేపణము లిట్టివే. దీనికి సమాధానము శాస్త్రములో నుండదు, ప్రయోగములోనే యుండును. ఏలూరున న్యాయవాదిగా నుండి రంగమునకు జీవితము నర్పించిన బందా కనకలింగేశ్వరరావు (1907–1968) కృష్ణపాత్రమున దానిఁ జూపెను. శ్రుతి విడువలేదు, ఛందస్సు విడువలేదు. రాగమును పద్యములోని మాటల పొడవునకుఁ గుదించెను. రాగచ్ఛాయ పదములలోనే యుండెను గాని పదముల వెలుపల వ్రేలాడలేదు. ఆ మార్గమునే పీసపాటి నరసింహమూర్తి (1920–2007) మఱికొంత దూరము నడిపెను. అర్థమున కనుగుణముగా విఱిచి చెప్పుటవలనఁ బద్యము చెడలేదు సరికదా, అంతవఱకు రాగములోఁ గరఁగిపోయిన యతిస్థానములు స్పష్టముగా వినవచ్చినవి. ఇది పద్యమును వచనము చేయుట గాదు. పద్యము నెవ్వఁడో ఒకఁడు మఱియొకనితోఁ బలుకుచున్నాఁడని జ్ఞప్తికిఁ దెచ్చుట. 1967 నాఁటి శ్రీకృష్ణావతారము చలనచిత్రములో ఘంటసాల ఈ రాయబారపద్యములను బాడిన తీరును గూడ ఇచ్చటఁ దలంపవచ్చును. ఆయన గాయకుఁడు, నటుఁడు గాఁడు. అయినను ఆలాపము క్లుప్తము, అక్షరము స్ఫుటము. యంత్రము గొంతుకను మోసికొనిపోవునప్పుడు గొంతుక మాటను మోయవచ్చునని ఆ గానము చెప్పకయే చెప్పుచున్నది.

ఇంతవఱకు విచారించినది కృష్ణునిఁ గూర్చి. ప్రయోగ తారతమ్యమును నిర్ణయించునది మాత్రము ఆ రంగమునఁ దఱచుగా నెవ్వరును లెక్కింపని వేఱొక పాత్రము: వినువాఁడు. కాంట్రాక్టు ప్రయోగములలో కృష్ణుఁడు రాగము తీయునంతసేపు కౌరవసభ యంతయు బొమ్మలకొలువు. భీష్ముఁడు గడ్డము సవరించుకొనును. ద్రోణుఁడు తెరవైపు చూచును. దుర్యోధనుఁడు గదపై చేయి వేసి తన పద్యము వంతు వచ్చువఱకు వేచియుండును. కృష్ణుఁడును వారివైపు తిరుగఁడు. మైకు ముందున్నది, ప్రేక్షకులు ముందున్నారు. రాయబారి రాజునకు వీఁపు చూపి ఊరివారితో సంధి మాటలాడుచుండును. మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి సమర్థుఁడైన దుర్యోధనుఁడు ఎదుట నున్నను అట్టి ప్రయోగమున ఆయన చేయఁగలిగిన దేమి? తన పద్యము తాను చదివి కూర్చుండుట.

అదే సభలో కృష్ణుఁడు కౌరవేశ్వరుని సూటిగా నడుగు ఉత్పలమాల యొకటి గలదు. కడచినది, నేఁడు, ఱేపు అను మూఁడు కాలములను వరుసగాఁ బేర్చి, పాండవులు పూర్వము సహించిరి, నేఁడు నన్ను దూతగాఁ బంపిరి, నీ బిడ్డలును బ్రజలును వర్ధిల్ల సంధి చేసెదవా, ఱేపు రణము గూర్చెదవా, తేల్చి చెప్పుమనును. సంధి యను వికల్పము మూఁడవ పాదము చివర ముగియును. యుద్ధమను వికల్పము నాలుగవ పాదమున మొదలగును. ముందు చెప్పిన శార్దూలమునఁ బాదాంతమున నిలుచుట దోషము. ఇచ్చట నిలువకపోవుట దోషము. కవులు ఆ రెండు వికల్పముల నడుమ పాదాంతవిరామమును ఊరక యుంచలేదు. ‘సంధి చేసెదవా’ అని యడిగినవాఁడు జవాబునకై యొక క్షణము చూడవలెను; జవాబు రాకపోవుట చూచి యుద్ధపు మాట యెత్తవలెను. భారతయుద్ధము తప్పిపోవుట కవకాశము గల క్షణము రంగముపై అదియొక్కటే. గాయకకృష్ణుఁడు సరిగా నచ్చటనే రాగము నెత్తుకొనును, హార్మోనియము నింపును, దుర్యోధనుఁడు మాటాడవలసిన నిశ్శబ్దము మిగులదు.

ఈ కొలఁతచేఁ జూచినచో, పడకసీనును గాయకనటులకు విడిచిపెట్టినను రాయబారమున బందావారును పీసపాటివారును నిలిపిన ఫక్కియే ఉత్తమమని చెప్పక తప్పదు. అదియును ఎదుటి దుర్యోధనుఁడు వినుట నేర్చినవాఁడైనప్పుడే. కలసి యభ్యసింపని నటులకు ఇది సాధ్యము గాదు. ఏ క్షణమున కృష్ణుఁ డాఁగునో తెలియనిచో దుర్యోధనుఁ డెప్పుడు తలయెత్తవలెను, కర్ణునివైపు ఎప్పుడు చూడవలెను, ధృతరాష్ట్రుఁ డెప్పుడు చెవి యొగ్గవలెను? ఒక్క రాత్రికిఁ గూడిన ఇద్దఱు కృష్ణులకంటె నెలదినములు కలసి చదివిన ఒక సామాన్యకృష్ణుఁడును ఒక సామాన్యదుర్యోధనుఁడును ఈ పద్యము మూఁడవ పాదము చివర ఎక్కువ చేయఁగలరు.