కరెంటు తిరిగొచ్చిన క్షణంలో పిన్ను ఏం చేస్తుంది?

నగరం మండలం దాటి నిజాంపట్నం వైపు వెళ్తుంటే రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ కనిపిస్తాయి. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి వస్తే మోటార్లు మళ్లీ తిరగాలి. ఒక ఫేజు రాకపోతే కాలిపోకుండా ఆగాలి. ఈ పని చూసే కంట్రోల్ బోర్డులో ఓ మైక్రోకంట్రోలర్ ఉంటుంది. దాని ప్రోగ్రామ్ గురించి అందరూ మాట్లాడతారు. నేను చెప్పదలచుకున్నది ప్రోగ్రామ్ ఇంకా మొదలవని ఆ కొద్ది మిల్లీసెకన్ల గురించి. అప్పుడు చిప్ పిన్నులు ఏ స్థితిలో ఉంటాయో తెలిసినవాళ్లే నమ్మదగిన బోర్డు చేయగలరు.

ఇంటెల్ 8051ను 1980లో తెచ్చింది. మన ఇంజినీరింగ్ ల్యాబుల్లో ఎన్నో బ్యాచ్‌ల చేతులు తిరిగింది ఈ 8051 కుటుంబం మీదే. నలభై కాళ్ల చిప్‌లో 32 ఇన్‌పుట్, ఔట్‌పుట్ పిన్నులు, ఎనిమిదేసి చొప్పున నాలుగు పోర్టులుగా ఉంటాయి. ఏ పిన్ను ఇన్‌పుట్, ఏది ఔట్‌పుట్ అని చెప్పడానికి ఇందులో వేరే రిజిస్టరే లేదు. పిన్నుకు 1 రాస్తే లోపలి బలహీనమైన పుల్-అప్ దాన్ని పైన నిలబెడుతుంది. బయటి స్విచ్ దాన్ని తేలిగ్గా కిందికి లాగేయగలదు, అందుకే అది ఇన్‌పుట్‌గా పనికొస్తుంది. 0 రాస్తే మాత్రం ట్రాన్సిస్టర్ గట్టిగా గ్రౌండుకు కలిపేస్తుంది. పోర్టు 0కి ఆ పుల్-అప్ కూడా ఉండదు, బయట రెసిస్టర్ పెట్టాల్సిందే.

రీసెట్ అయినప్పుడు ఈ పిన్నులన్నీ 1కి వస్తాయి. 1 వస్తే రిలే ఎత్తుకునేలా సర్క్యూట్ కట్టామనుకోండి, కరెంటు వచ్చీరాగానే, ప్రోగ్రామ్ ఫేజులు చూసేలోపే, రిలే టక్కుమనే ప్రమాదం ఉంది. అందుకే అనుభవజ్ఞులు తిరగేసి కడతారు. పీసీ817 ఆప్టోకప్లర్‌లోని ఎల్‌ఈడీని 5 వోల్టులకూ పిన్నుకూ మధ్య, రెసిస్టర్‌తో పాటు పెడతారు. పిన్ను 1లో ఉంటే రెండు వైపులా దాదాపు ఒకే వోల్టేజీ, ఎల్‌ఈడీ వెలగదు. ప్రోగ్రామ్ కావాలని 0 రాసినప్పుడే మోటారు తిరుగుతుంది.

ఇక్కడ లెక్క ఒకటి చూసుకోవాలి. 8051 కుటుంబంలోని ఏటీ89ఎస్52 డేటాషీట్ ప్రకారం ఒక్కో పిన్ను 10 మిల్లీయాంప్‌లకు మించి గ్రౌండుకు లాగకూడదు. పోర్టు 1 మొత్తానికి హద్దు 15. ఎల్‌ఈడీకి 470 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దాదాపు 7 మిల్లీయాంప్‌లు పారుతుంది. పిన్ను వరకూ చూస్తే భేషుగ్గా ఉంది. కానీ నాలుగు ఏరియేటర్ల పిన్నులూ అదే పోర్టు మీద ఉంటే మూడోది ఆన్ అవగానే హద్దు దాటిపోయాం. అదే 1 కిలో ఓమ్ పెడితే ఒక్కోదానికి దాదాపు మూడున్నర, నాలుగూ కలిపి 14 లోపే. పిన్ను హద్దు చూసి, పోర్టు హద్దు మర్చిపోయే బోర్డులు చాలా ఉంటాయి. అన్నట్టు, ఆ నాలుగింటినీ ఒకేసారి ఆన్ చేయకూడదు. మోటారు స్టార్టింగ్‌లో మామూలుకంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది కాబట్టి, కొన్ని సెకన్ల ఎడంతో ఒక్కోటీ లేపాలి.

ఏవీఆర్ కుటుంబం తీరు వేరు. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థుల ఆలోచనగా పుట్టి, ఆట్మెల్ చేతుల్లో చిప్‌గా మారింది. దాని ఏటీమెగా328పీ చిప్పే ఆర్డునో ఊనోలో ఉన్నది. ఇందులో దిక్కు చెప్పడానికి డీడీఆర్ రిజిస్టర్, విలువ రాయడానికి పోర్ట్, చదవడానికి పిన్ అని మూడు ఉంటాయి. రీసెట్‌లో పిన్నులన్నీ ఎటూ లాగని ఇన్‌పుట్‌లే. కాబట్టి పిన్ను ట్రాన్సిస్టర్ ద్వారా రిలేను నడిపితే, ఆ ట్రాన్సిస్టర్ బేస్‌ను గ్రౌండుకు ఓ 10 కిలో ఓమ్ రెసిస్టర్‌తో కట్టి ఉంచకపోతే అది గాలిలో తేలుతుంది. పై ఆప్టోకప్లర్ పద్ధతే వాడితే ముందు పోర్ట్‌లో 1 రాసి, తర్వాతే డీడీఆర్ మార్చాలి. వరస తప్పితే ఓ క్షణం 0 వెళ్లిపోతుంది. రిలే నెమ్మది కాబట్టి పట్టించుకోకపోవచ్చు, దాని బదులు ట్రయాక్‌తో మోటారును నడిపితే అది అలా వదలదు.

ఆర్డునోలో ఒక్క వరస రాస్తే పిన్ను మారుతుంది, అది మంచిదే. ఎంతోమంది భయం లేకుండా మొదలుపెట్టింది దానివల్లే. అయినా ల్యాబ్‌లో ఒక్క సెమిస్టరైనా రిజిస్టర్లతోనే పని చేయించాలని గట్టిగా కోరుకుంటాను. పైన చెప్పిన రీసెట్ స్థితి ఆ ఒక్క వరసలో ఎక్కడా కనపడదు.

ఇన్‌పుట్‌కు మన తీరంలో ఇంకో శత్రువు ఉంది. ఉప్పు గాలి తేమ బోర్డు మీద పేరుకుంటే పక్కపక్క కాళ్ల మధ్య కరెంటు సన్నగా కారుతుంది. ఏవీఆర్ చిప్ లోపలి పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, ఈ కారుడు ముందు అది చాలదు. నొక్కని స్విచ్ నొక్కినట్టు కనిపిస్తుంది. బయట 4.7 కిలో ఓమ్ పెట్టి, ఒకసారి చదివాక 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివితే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. చివరగా బోర్డుకు వార్నిష్ పూయాలి. పూసేముందు సోల్డరింగ్ ఫ్లక్స్ మరకలు శుభ్రంగా తుడవాలి, లేదంటే తేమను పట్టే ఆ మరక పూత కిందే ఉండిపోతుంది.