వెళ్లడానికీ, తిరిగి రావడానికీ మధ్య

మూడేళ్ల క్రితం వేసవి సెలవుల్లో మా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పదో తరగతి మా బడిలోనే పాసయ్యాడు. తల్లి బీడీలు చుడుతుంది. తండ్రికి ఎకరంన్నర పొలం, ఎండిపోయిన రెండు బోర్లు. దుబాయికి వీసా వచ్చిందని చెప్పాడు. కాసేపు కూర్చుని, లేచేముందు కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు: "సార్, ఆడ ఎట్లుంటదో సదువుకొని పోదామనుకుంటున్న. తెలుగుల ఏమన్న పుస్తకముంటే ఇస్తరా?"

నేను తెలుగులో ఎం.ఏ. చేసినవాణ్ణి. ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. ఇంట్లో రెండు బీరువాల పుస్తకాలున్నాయి. లేచి వెతికాను. అమెరికా యాత్రలు కనిపించాయి. రష్యా, చైనా చూసి వచ్చిన పెద్దల అనుభవాలు కనిపించాయి. ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' కనిపించింది. మా కరీంనగరం పల్లెల నుంచి నలభై యాభై ఏళ్లుగా మనుషులు ఏ దేశాలకు పోతున్నారో ఆ దేశాల మీద మాత్రం చేతికి ఒక్క పుస్తకమూ తగల్లేదు. చివరికి బడి అట్లాసు తీసి, సముద్రం దాటితే ఇదిగో ఇక్కడ అని వేలుపెట్టి చూపించి పంపాను. ఈ వ్యాసం ఆనాటి సిగ్గులోంచి పుట్టింది.

పరాయి దేశం వెళ్లేముందు అక్కడి రోజువారీ బతుకునూ సంస్కృతినీ తెలుసుకోవాలని అందరూ అంటారు. మంచిమాటే. కాని ఎవరికి ఏది తెలుస్తున్నది, ఎవరు చెబుతున్నారు, చెప్పేదాంట్లో ఏది మిగిలిపోతున్నది అని అడిగినప్పుడు ఇది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

అమెరికా వెళ్లే తెలుగువాడి పరిస్థితి చూడండి. వాడికంటే ముందు అన్నో బావో వెళ్లి ఉంటాడు. అక్కడ 1977 నుంచీ తెలుగు సంఘం ఉన్నది. యాత్రా గ్రంథాలున్నాయి, అక్కడివాళ్లే రాసిన కథల సంపుటాలున్నాయి. ఆ కథలు చదివినవాడికి మంచు ఎలా కురుస్తుందో, పక్కింటివాడు ఎంతవరకు పలకరిస్తాడో, అమ్మానాన్నలు వచ్చి ఆరునెలలుంటే వాళ్ల ఒంటరితనం ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. వెళ్లేవాడు చదువుకున్నవాడు, వెళ్లినవాడు రాయగలిగినవాడు. అందుకే ఒక తరం అనుభవం తర్వాతి తరానికి అచ్చులో అందింది.

గల్ఫ్ వెళ్లేవాడికి అందేది ఏజెంటు మాట. దానితోపాటు సెలవు మీద వచ్చినవాడి అత్తరు సీసా, మందపాటి దుప్పటి, ఖర్జూరాల పొట్లం. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పుకున్నాం. ఆ మూడో మాట వెనక ఉన్న దినచర్యను మాత్రం విప్పి చెప్పుకోలేదు.

ప్రభుత్వం ఏమీ చెప్పడం లేదా అంటే, చెబుతున్నది. 1983 వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలూ అందులో ఉన్నాయి. ముఖ్యంగా వీళ్ల కోసమే కొన్నేళ్లుగా ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ నడుపుతున్నారు. మా విద్యార్థి పది పాసయ్యాడు కనుక ఆ అనుమతి అతనికి అక్కర్లేదు. ఆ శిక్షణ సంగతి కూడా అతని చెవిన పడలేదు. మేం పట్టుబట్టి పాసు చేయించిన పదో తరగతే అతణ్ణి ఆ ఒక్కరోజు తరగతికీ దూరం చేసిందని తర్వాతగాని నాకు తెలియలేదు.

సాధారణంగా ప్రయాణికుడికి చెప్పే జాగ్రత్తలను నేను తేలిగ్గా తీసిపారేయను. ఒక్క గసగసాల సంగతి చాలు. కొడుకు కూర వండుకుంటాడని తల్లి సంచిలో గుప్పెడు గసగసాలు కట్టి పెడుతుంది. మన వంటింట్లో అది మసాలా దినుసు. అవి గసగసాల మొక్క గింజలు కనుక యు.ఏ.ఇ., సౌదీ చట్టాల్లో నిషిద్ధ పదార్థం. విమానాశ్రయంలో దొరికితే తల్లిప్రేమ కేసుగా మారుతుంది. ఊళ్లో ఎవరో 'మా వాడికియ్యి' అని చేతిలో పెట్టిన మందుల పొట్లం కూడా అంతే. ఇలాంటివి తెలిసి తీరాలి.

అయితే ఈ జాగ్రత్తలు చాలామటుకు ఒకే వైపు నడుస్తాయి. రంజాన్ నెలలో పగలు బయట తినవద్దు, ఆడవాళ్ల ఫోటో తీయవద్దు, గట్టిగా వాదించవద్దు, యజమాని మాట కాదనవద్దు. మొదటి రెండూ మర్యాదలు. చివరిది మర్యాద కాదు, విధేయత. అన్నింటినీ కలిపి 'అక్కడి సంస్కృతి' అని ఒకే మూట కట్టినప్పుడు విధేయత కూడా ఆచారంలాగే కనిపిస్తుంది. మన ఊళ్లో దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడాన్నీ ఒకప్పుడు ఆచారమనే అన్నారు.

ఆ దేశాల రోజువారీ బతుకులో ఇంకా చాలా ఉన్నది. యు.ఏ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా ఎండలో పని చేయించకూడదు. కువైట్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో పగలు 11 నుంచి 4 వరకు అదే నిబంధన. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం చేసిన 68వ చట్టం వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉండాలంటుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంటుంది. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లే అక్కచెల్లెళ్లలో ఎందరికి ఈ నాలుగు వాక్యాలు తెలిసి విమానం ఎక్కుతున్నారు? ఎండవేళ ఎంత ముఖ్యమో, ఆ ఎండవేళ కూర్చునే హక్కు కూడా అంతే ముఖ్యం. రెండూ దినచర్యే.

భాష సంగతి చూద్దాం. నిఘంటువులకు ఎక్కని ఒక తెలుగు మా పల్లెల్లో తయారయింది. అకామా అంటే సౌదీ నివాస అనుమతి కార్డు. కఫీల్ అంటే ఆ మనిషికి జామీనుగా ఉండే యజమాని. ఆజాద్ వీసా అన్న మాటలో స్వేచ్ఛ ఉన్నది, చట్టంలో మాత్రం అలాంటి వీసా ఏదీ లేదు. పేరుకు ఒక కఫీల్ ఉంటాడు, పని మాత్రం బయట వెతుక్కోవాలి. పట్టుబడితే నేరం పనివాడిదే. ఖల్లివెల్లి అన్న మాట మరీ విషాదకరమైనది. అరబీలో 'పోనీ, వదిలేయ్' అన్న ఊతపదం అది. మన వార్తాపత్రికల్లో అది కాగితాలు లేకుండా దాక్కుని బతికే మనిషికి పేరైపోయింది. మరో మాట వినండి. కువైట్ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు యజమానురాలిని 'మామా' అని పిలవాలి. మేనమామను, పిల్లనిచ్చిన మామను పిలిచే మాటతో ఒక పరాయి యజమానురాలిని పిలిచేటప్పుడు ఆ తెలుగు స్త్రీ మనసులో ఏం కదులుతుందో రాసిన కథ ఒక్కటీ నా కంటపడలేదు.

ఇక్కడ మలయాళ నవల 'ఆడుజీవితం' గురించి చెప్పాలి. బెన్యామిన్ 2008లో ప్రచురించాడు. 2024లో సినిమాగా వచ్చి తెలుగు మాటలతో మన ఊళ్లలోనూ ఆడింది. అందులో నజీబ్ రియాద్ విమానాశ్రయంలో దిగుతాడు. ఎదురుపడ్డ మనిషే తన యజమాని అనుకుని బండెక్కుతాడు. ఎడారిలో మేకల దొడ్డి దగ్గర తేలుతాడు. అతను తన కాగితాల్లోని యజమాని కానేకాదు. 'నా కాగితం మీద ఉన్న పేరు నీదేనా?' అని అడగడానికి నజీబ్ దగ్గర అరబీ మాట లేదు. ఆ అడగలేని ఒక్క ప్రశ్న మీద నవలంతా నిలబడి ఉన్నది.

కాని ఈ నవలను తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉన్నది. నజీబ్‌కు అరబీ వచ్చి ఉంటే బాగుపడేవాడు, కనుక తప్పు అతని తెలియనితనానిదే అనుకోవడం సులభం. ఎడారిలో మనిషిని మాయం చేయగలిగిన అధికారం ఒకడి చేతిలో ఉన్నప్పుడు పది మాటలు నేర్చినా చాలవు. తెలుసుకోవడం ఒక్కటే మనిషిని కాపాడదు. తెలిసినవాడికి తాను ఎక్కడ మోసపోతున్నాడో మాత్రం తెలుస్తుంది. పోరాడటానికి ముందు కావలసింది అదే.

ఇంకొకమాట. నజీబ్ అనుభవం నిజమే, అది అంచున జరిగిన నిజం. వెళ్లిన లక్షలమందిలో ఎక్కువమంది ఎడారి దొడ్లలో లేరు. క్యాంపు గదుల్లో, హోటళ్ల వెనక గదుల్లో, పెద్ద ఇళ్ల వంటగదుల్లో ఉన్నారు. వాళ్ల మామూలు మంగళవారం ఎలా ఉంటుంది? మన గల్ఫ్ కథలు ఇక్కడే చతికిలపడుతున్నాయి. నేను చదివినవాటిలో ఎక్కువ కథలకు రెండే రంగస్థలాలు. ఒకటి బొంబాయి రైలో, శంషాబాద్ విమానాశ్రయమో, ఏడుస్తున్న భార్య. రెండోది ఇంటిముందు దిగిన పెట్టె. వెళ్లడం ఉన్నది, శవమై రావడం ఉన్నది. మధ్యలోని ఏడువందల రోజులు లేవు. కన్నీరు ఉన్నది, అన్నం లేదు. ఆ కథలు రాసిన మిత్రుల సానుభూతిని నేను శంకించడం లేదు. కాని జీవితం తెలియనప్పుడే మరణం కథకు సులువైన ముగింపు అవుతుంది.

ఎందుకీ లోటు? రాసే వర్గం ఆ క్యాంపులకు వెళ్లదు, వెళ్లే వర్గానికి రాసే తీరిక లేదు. అదొక కారణం. తిరిగివచ్చినవాడు నిజం చెప్పలేకపోవడం రెండో కారణం. నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు తీరకముందే 'ఆడ కట్టమే' అని చెబితే ఇంట్లో గౌరవం పోతుంది, అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటాడు. అందుకే అత్తరు జల్లుకుని నవ్వుతాడు. ఆ నవ్వు చూసి ఇంకో నలుగురు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడతారు.

ఇది ఈనాటి సంగతి మాత్రమే కాదు. ఉత్తరాంధ్ర నుంచి తరాల తరబడి జనం బర్మా వెళ్లారు. రంగూన్ వాళ్ల నోట 'రంగం' అయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు వేలమంది అడవుల గుండా కాలినడకన తిరిగివచ్చారు. 'రంగం' అన్న మాట మిగిలింది. వాళ్లు ఆ బారకాసుల్లో ఏం వండుకున్నారో, ఏ భాషలో బేరమాడారో వాళ్ల సొంత మాటల్లో మనకు దాదాపు మిగల్లేదు.

రాయడం మనకు చేతకాక కాదు. 1830, 31ల్లో కాశీకి వెళ్లివచ్చిన వీరాస్వామి దారిలో ఎక్కడ నీళ్లు బాగుంటాయో, ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయో, ఏ దారి బోయీలకు కష్టమో రాసిపెట్టాడు. 1838లో అది అచ్చయింది. పరివారంతో, డేరాలతో వెళ్లిన ఉద్యోగి ఆయన. అయినా వెనక వచ్చేవాడి అవసరం ఆయన కంటిముందున్నది. మన యాత్రా సాహిత్యానికి అంత మంచి మొదలు ఉన్నది. తర్వాత మనం చూసిన వింతలు రాశాం, బతికిన రోజులు వదిలేశాం.

ఇదంతా సాహిత్యం పనేనా, కరపత్రం వేస్తే సరిపోదా అని ఒక మిత్రుడు నన్నడిగాడు. కరపత్రమూ కావాలి. కాని నియమాలు మారుతుంటాయి. యు.ఏ.ఇ.లో 2022 జనవరి నుంచి ప్రభుత్వ వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగంరోజు పని వచ్చింది. ఖతార్‌లో 2020 నుంచి పాత యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు చట్టంలోకి వచ్చింది. కరపత్రం ఏడాదికొకసారి తిరగరాయాలి. మనిషి ఆ నియమాల మధ్య ఎలా మసలుతాడు, ఎక్కడ తలవంచుతాడు, ఎక్కడ వంచడు అనేది కథే చెప్పాలి.

మా విద్యార్థి రెండేళ్లకు సెలవు మీద వచ్చాడు. ఎట్లుంది అని అడిగితే "బాగనే ఉన్నది సార్" అన్నాడు. టీ తాగాం. రెండో గంటలోగాని నోరు విప్పలేదు. "అరబీ కన్న హిందీ ఎక్కువ అక్కరకొస్తది సార్. మా రూంల ఎనిమిది మందిమి. నేపాలోళ్లు, బంగ్లాదేశోళ్లు, ఒక మలయాళాయన. అరబ్బుల ఇంటి మొకం నేను సూడనే లేదు." నేను నిర్ఘాంతపోయాను. మనం 'అరబ్బుల సంస్కృతి తెలుసుకో' అంటున్నాం. అతను బతికింది నలుగురైదుగురు పేదదేశాల వాళ్ల సంస్కృతిలో. ఇంకా చెప్పాడు. "ఎండకాలం నల్లా నీళ్లు సలసల కాగుతయి. రాత్రే బకెట్ నింపి పెట్టుకోవాలె. పొయ్యి కాడ వంతులుంటయి. మనకు దొరికిన వంతు ఇడిసిపెట్టొద్దు. జీతం కార్డుల పడ్డదా లేదా నెలనెలా సూసుకోవాలె, మాట మీద ఉండొద్దు."

అతను చెబుతుంటే నేను నలభై పేజీల నోటుబుక్కులో రాసుకున్నాను. శైలి నాది కాదు, అతనిదే. బీరువాలో దొరకని పుస్తకానికి అది మొదటి అధ్యాయమని అనుకుంటున్నాను. మా బడిలో తండ్రులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. 'మా నాయిన ఈరోజు ఏం వండుకున్నడు' అని ఫోనులో అడిగి వ్యాసం రాసుకు రమ్మన్నాను. కొందరు పిల్లలు ఆ ప్రశ్న తండ్రిని మొదటిసారి అడిగారు.

రచయిత మిత్రులకు నా మనవి ఒకటే. మీ ఊళ్లో సెలవు మీద వచ్చినవాడి దగ్గర రెండో గంటదాకా కూర్చోండి. మొదటి గంటలో చెప్పింది రాయకండి.